ఫెర్రీల పోలిక గురించి

అందరికీ నమస్కారం. ఏ ఊరి ఫెర్రీ మేలు అన్న చర్చలో నా ఓటు కొచ్చికే. 2023 ఏప్రిల్‌లో మొదలైన అక్కడి వాటర్ మెట్రో బోట్లు కొచ్చిన్ షిప్‌యార్డ్ కట్టినవి. 100 మంది పడతారు, బ్యాటరీతో నడుస్తాయి. కానీ నాకు బోటు కన్నా జెట్టీయే (బోటు ఎక్కే వేదిక) ఎక్కువ నచ్చింది. అది నీటి మీద తేలుతుంది కాబట్టి ఆటుపోట్లతో పాటే లేస్తుంది, దిగుతుంది. అలా ఎప్పుడూ బోటుతో సమంగా ఉంటుంది, వీల్‌చైర్ నేరుగా లోపలికి వెళ్లిపోతుంది. అలాగని కేరళ జలరవాణా శాఖను మరిచిపోకండి. 2017లోనే వైకం, తవణక్కడవు మధ్య 75 సీట్ల సోలార్ ఫెర్రీ ‘ఆదిత్య’ను దించింది వాళ్లే.

హాంకాంగ్ స్టార్ ఫెర్రీకి ముందూ వెనకా ఒకటే, ఒడ్డున తిప్పే పని లేదు. సీటు వీపుపలకను రెండో వైపుకు తోసి, బోటు వెళ్లే దిక్కుకు తిరిగి కూర్చోవడమే!

మన నర్సాపురం–సఖినేటిపల్లి పంటును (వాహనాలు కూడా ఎక్కే బల్లపరుపు పడవ) వీటి పక్కన పెట్టి తీసిపారేయడం మాత్రం సరికాదు. అది మనుషులతో పాటు బైకులు, కార్లను కూడా గోదావరి దాటిస్తుంది. దాని పనే వేరు.

ఇకపై ఈ చర్చలో పోస్ట్ పెట్టేవాళ్లు ఫెర్రీని నడిపే సంస్థ, టికెట్ ధర, ఎక్కి దిగే వీలు, లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయన్నది తప్పక రాయండి. ఒక్క ఫొటోతో పోల్చలేం.