వకీలు తప్పుకున్నా విచారణ ఆగకూడదు

సంపాదకులకు నమస్కారం.

న్యాయవాదుల చట్టం, 1961లోని 26ఎ సెక్షన్ ప్రకారం, తన పేరు తీసేయమని న్యాయవాది అడిగితే, వకీళ్లను నమోదు చేసుకుని వారిపై ఫిర్యాదులు విచారించే రాష్ట్ర బార్ కౌన్సిల్ తన జాబితా నుంచి తీసేయవచ్చు. ఆరోగ్యం బాగోకనో, వేరే ఉద్యోగం కోసమో అడిగేవారితో ఇబ్బంది లేదు. కక్షిదారు డబ్బు వాడేసుకున్నారన్న ఫిర్యాదు నడుస్తుండగా అడిగితే? ఆ సంగతి ఆ సెక్షన్‌లో లేదు. స్వచ్ఛందంగా తప్పుకున్నారన్న మంచిపేరుతో బయటపడే దారి అలా తెరిచే ఉంది.

అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో న్యాయవాది తన సమ్మతితోనే సనద్ (వకీలుగా పనిచేసే అనుమతి) పోగొట్టుకునే పద్ధతి ఉంది. అక్కడ ఊరికే రాజీనామా ఇస్తే చాలదు. ఆరోపణల్లోని ముఖ్య విషయాలు నిజమేనని, తన మీద ఎవరి బలవంతమూ లేదని ప్రమాణపత్రం ఇవ్వాలి. ఆ మీదట వచ్చే ఉత్తర్వు క్రమశిక్షణ చర్యగానే రికార్డుకెక్కుతుంది. తప్పు ఒప్పుకున్నాక సాక్షులను వాయిదాల చుట్టూ తిప్పే పనీ ఉండదు.

మన దగ్గర ఫిర్యాదుదారు రాజీపడి వెనక్కి తీసుకున్నా, ఆ ఒక్క కారణంతో విచారణ ఆపకూడదన్న నియమం ఉంది. చాలా మంచి నియమం. కక్షిదారు తప్పుకుంటేనే ఆగని విచారణ వకీలు తప్పుకుంటే ఎందుకు ఆగాలి?

మా టెక్కలి వైపు రోడ్డు ప్రమాదంలో భర్త పోయిన ఒకావిడకు నష్టపరిహారం వస్తే, ఖర్చులంటూ అందులో పెద్ద భాగం వకీలు గారే ఉంచేసుకున్నారు. గెలిచిన సొమ్ములో వాటా మాట్లాడుకోవడమే వృత్తి నియమాలకు విరుద్ధమని ఆమెకు చెప్పినవాళ్లు లేరు. ‘ప్లీడరు గారితో మనకెందుకమ్మా’ అన్నారంతా. ఫిర్యాదు పెడదామన్నా బార్ కౌన్సిల్ ఉన్నది అమరావతిలో, ఇక్కడికి నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. పెట్టాక ఆయన సనద్ వదిలేసుకుంటే ఆమె డబ్బు సంగతి ఎవరడుగుతారు?

26ఎకు ఒక నిబంధన చేర్చాలి. ఫిర్యాదు పెండింగులో ఉన్న న్యాయవాది తప్పుకోవాలంటే తప్పు రాతపూర్వకంగా ఒప్పుకుని, కక్షిదారు సొమ్మూ కాగితాలూ తిరిగి ఇచ్చేయాలి. పేరు తొలగింపు 35వ సెక్షన్ కింద శిక్షగానే జరగాలి. ఆ ఉత్తర్వు జిల్లా కోర్టు నోటీసు బోర్డు మీద తెలుగులో కనిపించాలి. ఒప్పుకోనివారిపై విచారణ సాగాల్సిందే. ఈ జిల్లాలో నిజాయితీగా వాదించే వకీళ్లు ఎందరో ఉన్నారు, వాళ్ల పరువు కోసమైనా ఇది అవసరం.

చట్టం మారేలోగా, ఇలాంటివారికి ఫిర్యాదు రాసి పంపడంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ సాయపడాలని, బార్ అసోసియేషన్ పెద్దలు అందుకు తోడు నిలవాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా