అమ్మా, ఆ మిషిన్ చెయ్యి గురించి

అమ్మా, బాపూ, మంచిగున్నరా.

మొన్న వీడియో కాల్ల రోబో చెయ్యి చూపిస్తే అమ్మ "అది గిట్ల తిరిగి నిన్ను కొడితే ఎట్ల బిడ్డా" అన్నది, ఫోన్ల చెప్పుడు కాలేదు, అందుకే కూసొని రాస్తున్న.

బాపూ, మగ్గం మీద పోగు తెగితే చెయ్యి చాపి ముడేస్తవు గదా, భుజం, మోచెయ్యి, మణికట్టు అన్నీ కలిసే కదులుతయి. దీనికి గట్లనే ఆరు కీళ్లు, మొదటి మూడు చెయ్యిని కావల్సిన చోటికి తీస్కపోతయి, కొసకున్న మూడు ఏ దిక్కు తిప్పాల్నో చూస్కుంటయి. ఒక్కో కీలుకు ఒక మోటార్, అది జోరుగ తిరుగుతది గని బలం చాలది, అందుకే గేర్లు పెట్టి వేగం తగ్గించి బలం పెంచుతరు. ఎంత తిరిగిందో ఎన్‌కోడర్ అనే సెన్సర్ లెక్కబెట్టి కంట్రోలర్‌కు, అంటే చెయ్యిని నడిపే కంప్యూటర్‌కు, చెప్తనే ఉంటది, కండ్లు మూసుకున్నా నీ చెయ్యి ఎక్కడుందో నీకు తెలుస్తది సూడు, గట్లన్నమాట.

ఇగ అమ్మ భయం సంగతి. అది పని చేసేటప్పుడు చుట్టూ కంచె ఉంటది, గేటు తెరిస్తే ఆగిపోతది. దానికి పని నేర్పనీకి మాత్రం మేం లోపలికి పోవాలె, అప్పుడు సెకనుకు 250 మిల్లీమీటర్లు దాటకుండ, అంటే జానెడు కన్న జరంత ఎక్కువ, మెల్లగనే కదులుతది. చేతిల రిమోట్ లెక్క ఒక పెండెంట్ ఉంటది, దాని ఎనుక బటన్‌ను సగం వరకు ఒత్తి పట్టుకుంటేనే కదులుతది, ఇడిస్తే ఆగుతది, గట్టిగ ఒత్తినా ఆగుతది! ఎందుకంటే భయమైతే మనిషి చేతిలది ఇడిచిపెడ్తడు లేకపోతే ఇంకా గట్టిగ పట్టుకుంటడు. మేడారం జాతరల జనం తోసినప్పుడు నువ్వు నా చెయ్యి నొప్పి పుట్టేదాంక పట్టుకున్నవు, యాదికుందా అమ్మా, గా పట్టు పడితే సుత ఇది ఆగిపోతది.

ఫ్యాక్టరీల పనికి పెట్టిన మొదటి రోబో చెయ్యి యూనిమేట్, 1961ల అమెరికాల జనరల్ మోటార్స్ ప్లాంట్ల పెట్టిండ్రు, దాని పని అచ్చులకెళ్లి తీసే కాగే లోహం ముక్కలు పట్టుకునుడు, మనుషుల చేతులు కాలే పని. మా దగ్గర వెల్డింగ్ చేస్తది, నిప్పురవ్వలు, పొగ అన్నీ దానికే, మేం బయట నిలబడి చూస్తం.

పెద్దబాపుకు డాక్టర్ రోబో ఆపరేషన్ అన్నడని ఇంట్ల అందరు గాబరా పడుతున్నరట. రోబో దానంతటదే కొయ్యదని చెప్పుర్రి, డా విన్సీ అసొంటి మిషిన్ల డాక్టరే పక్కకు కూసొని తన చేతులతోని నడుపుతడు, డాక్టర్ చెయ్యి వణికినా ఆ వణుకును అది లోపలికి పోనియ్యది.

బాపూ, భుజం నొప్పి తగ్గిందా లేదా రాయి. అమ్మా, ఆదివారం కాల్ల ఆ బటన్ చూపిస్త.

మీ చిన్నోడు