డిఫెన్స్ లాయరు ఏడిరా?

ఒరేయ్ శీనూ,

మొన్న వాదన మధ్యలో ఫోన్ పెట్టేశావు కదా, అందుకే ఈ ఉత్తరం. అమెరికా పోలీసు, కోర్టు సీరియల్ ‘లా అండ్ ఆర్డర్’ రాజకీయాలు మొదలెట్టింది, పాత్రలు ఉపన్యాసాలు దంచుతున్నాయి అన్నావు. దంచనీరా. ఉపన్యాసం వస్తే తెలిసిపోతుంది, మంచినీళ్లకి లేచిపోతాం. ఉపన్యాసం లేని ఎపిసోడ్లతోనే నా గొడవంతా.

1990 నుంచీ ప్రతి ఎపిసోడ్ మొదట్లో ఒక గొంతు వినపడుతుంది, గుర్తుందా? ప్రజల తరఫున రెండు వర్గాలుంటాయట: నేరాన్ని దర్యాప్తు చేసే పోలీసులు, నేరస్థుల్ని కోర్టుకెక్కించే ప్రాసిక్యూటర్లు. అంతే, డండం! మరి డిఫెన్స్ లాయరు ఏడి? న్యూయార్క్ కోర్టుల్లో కేసు పేరే ‘ప్రజలు వర్సెస్ ఫలానా’ అని ఉంటుంది కాబట్టి ‘ప్రజల తరఫున’ అనడం వాళ్లకి మామూలే అనుకో. కానీ విచారణ మొదలవకముందే ‘నేరస్థులు’ అనేశారు చూడు.

నిన్న రాత్రి పాతవి రెండు మూడు వరసగా చూశా. వారెంటు లేకుండా పట్టుకున్న సాక్ష్యం చెల్లదని జడ్జి అనగానే నా నోట్లోంచి ‘ఛీ, వెధవ రూల్సు’ అని వచ్చేసింది. పక్కన పల్లీలు ఒలుస్తున్న మా ఆవిడ ఒకటే నవ్వు. ‘నిరుడు పోలీసులు మా తమ్ముడి బండి ఆపి ఫోన్ లాక్కుని వాట్సాప్ చూస్తే, ఏ రూలు ప్రకారం చూశారని రోడ్డు మీద అరిచింది మీరేగా’ అంది. నోరు మూసుకున్నా. చూశావా, ఎవరూ ఏ పార్టీ పేరూ ఎత్తలేదు, గంటలో నా కోపాన్ని పోలీసు మీద నుంచి జడ్జి మీదకి తిప్పేశారు.

ఇదేం కొత్త కాదు. 1950ల్లో ‘డ్రాగ్‌నెట్’ అనే పోలీసు సీరియల్ తీసి, అందులో వేషం కూడా వేసిన జాక్ వెబ్ స్క్రిప్టులు లాస్ ఏంజెలిస్ పోలీసులు చూసి సరే అనాల్సిందే. 1982లో ఆయన పోతే, సీరియల్లో ఆయన పెట్టుకున్న 714 బ్యాడ్జి నంబరు ఇక ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేశారు నిజం పోలీసులు! సొంత మనిషి పోయినట్టే.

నీకు ప్రాణమైన ‘ది వైర్’ సీరియల్లో మాత్రం రాజకీయం లేదంటావు. బాల్టిమోర్‌లో డ్రగ్స్ మీద పోలీసుల యుద్ధం ఎందుకూ కొరగాలేదని అయిదు సీజన్ల పాటు చెప్పారు కదరా, అది రాజకీయం కాకపోతే మరేంటి? నీకు నచ్చిందల్లా నిజం, నచ్చనిది ప్రచారమా?

ఈసారి ఇంటరాగేషన్ సీన్లో ఎవడైనా ‘నాకు లాయరు కావాలి’ అంటే, ఆ క్షణంలో నీకు ‘వీడే చేశాడు’ అనిపించిందా లేదా చూసుకుని ఫోన్ చెయ్. అబద్ధం చెప్పకు.

నీ
రాము