మసీదు కమిటీ జమా ఖర్చుల వివరణ (2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు)

జమాత్ పెద్దలకు, సోదర సోదరీమణులకు అస్సలాము అలైకుమ్.

ఏడాది మొదట్లో చేతిలో ఉన్న నిల్వ రూ.1,12,450. ఏడాదిలో వచ్చిన జమ రూ.12,90,000, అయిన ఖర్చు రూ.9,56,800, మార్చి 31 నాటి నిల్వ రూ.4,45,650. ఇది చూసి కమిటీ దగ్గర డబ్బు మూలుగుతోందని అనుకోవద్దని మనవి. ఇందులో రూ.2,60,000 వసీయత్ (మరణానంతరం ఇమ్మని రాసిన వీలునామా) సొమ్ము, రూ.29,500 జకాత్ (స్తోమత ఉన్నవారు విధిగా ఇచ్చే దానం) సొమ్ము కాగా, మసీదు అవసరాలకు వాడదగినది రూ.1,56,150 మాత్రమే.

చందాలు, జుమా (శుక్రవారం నమాజు) హుండీల ద్వారా రూ.4,86,300, రెండు దుకాణాల అద్దె కింద రూ.1,44,000 వచ్చాయి. ఇమాం, ముఅజ్జిన్‌ (అజాన్ ఇచ్చేవారు)ల జీతాలకు రూ.3,36,000, కరెంటుకు రూ.61,800, వజూ ఖానా (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే చోటు) కుళాయిలు, నీళ్ల మోటారు మరమ్మతులకు రూ.48,600, ఇఫ్తార్లకు రూ.74,500, ఆస్తి పన్నుకు రూ.10,300, ఆడిట్‌కు రూ.12,000 ఖర్చయ్యాయి. ఇఫ్తార్ పండ్ల బిల్లు ఒకటి, రూ.3,200ది, పోయింది, వోచరు లేని ఖర్చు రాయకూడదు కనుక ఆ మొత్తాన్ని కోశాధికారి తన జేబులోంచి పెట్టుకున్నారు.

వక్ఫ్ (ధర్మకార్యాలకు అంకితం చేసిన ముస్లిం ఆస్తులు) చట్టం 72వ సెక్షన్ ప్రకారం, చందాలు, అద్దెల మొత్తంలోంచి ఆస్తి పన్ను తీసివేయగా వచ్చిన నికర ఆదాయం రూ.6,20,000పై 7 శాతం చొప్పున వక్ఫ్ బోర్డుకు రూ.43,400 చెల్లించాం. ఈ రేటును 5 శాతానికి తగ్గించిన సవరణ 2025 ఏప్రిల్ 8న అమల్లోకి వచ్చినందున ఈ ఏడాదికి పాత రేటే వర్తించింది.

2024 ఏప్రిల్ 11న ఒక ఈద్ (రంజాన్ పండుగ), 2025 మార్చి 31న మరో ఈద్ ఒకే ఆర్థిక సంవత్సరంలో పడటంతో ఫిత్రా (పండుగ నమాజుకు ముందు పేదలకు ఇచ్చే దానం) రెండుసార్లు జమయింది. మొదటిసారి వచ్చిన రూ.27,900, రెండోసారి వచ్చిన రూ.30,300 నమాజుకు ముందే పంచేశాం. జకాత్ రూ.3,41,500లో 26 కుటుంబాలకు రూ.7,000 చొప్పున రూ.1,82,000, అప్పుల్లో కూరుకుపోయిన ఇద్దరికి రూ.80,000, విద్యార్థుల ఫీజులకు రూ.50,000 ఇచ్చాం. మోటారు కాలిపోయిన వారం జకాత్‌లోంచి సర్దమని కొందరు సూచించారు కానీ, జకాత్ హక్కుదారుల చేతికి అందాల్సిన అమానత్ (మనకు అప్పగించిన సొమ్ము) కనుక ముట్టుకోలేదు.

ఇక అందరూ అడుగుతున్న వసీయత్ సంగతి. స్వర్గస్థులైన మన హాజీ సాబ్ తన బ్యాంకు సొమ్ములో సగం మదరసా గది కట్టడానికి ఇవ్వాలని రూళ్ల కాగితంపై తెలుగులో రాసి, ఇద్దరి చేత సాక్షి సంతకాలు పెట్టించి వెళ్లారు. ముస్లిం వసీయత్‌కు రిజిస్ట్రేషన్ గానీ, ప్రొబేట్ (వీలునామాకు కోర్టు ధ్రువీకరణ) గానీ తప్పనిసరి కాకపోయినా, ఒక బ్యాంకు శాఖలో ప్రొబేట్ తెమ్మని నాలుగు నెలలు తిప్పారు. చివరకు నామినీ అయిన పెద్దబ్బాయి ఖాతాకే సొమ్ము బదిలీ చేశారు. నామినీ అంటే హక్కుదారు కాదని, వారసుల తరఫున సొమ్ము అందుకునే మనిషి మాత్రమేనని ఆ అబ్బాయే ముందుగా ఒప్పుకోవడం వల్ల తగవు రాలేదు.

మొత్తం రూ.9,60,000. కఫన్, దఫన్ (అంత్యక్రియల) ఖర్చులు, చేబదులు, చెల్లించని మహర్ (నిఖాలో భార్యకు ఇస్తానన్న సొమ్ము) కలిపి రూ.1,80,000 ముందుగా తీసివేయగా రూ.7,80,000 మిగిలింది. వారసులంతా సమ్మతిస్తే తప్ప వసీయత్ ఇందులో మూడో వంతు దాటరాదు కనుక, కాగితంపై సగమని రాసి ఉన్నా కమిటీ రూ.2,60,000 మాత్రమే తీసుకుంది. పెద్దబ్బాయి తన వాటా వరకు సమ్మతిస్తానన్నా, తండ్రి పోయిన దుఃఖంలో అన్న మాటను పట్టుకుని అదనంగా తీసుకోవడం మాకు సబబనిపించలేదు. మిగిలిన రూ.5,20,000లో హాజీ సాబ్ భార్య బేగం గారికి ఎనిమిదో వంతు రూ.65,000, ఇద్దరు కొడుకులకు రూ.1,82,000 చొప్పున, కూతురికి రూ.91,000 అందాయి. వసీయత్ సొమ్ము మదరసా గదికే అని రాతపూర్వకంగా ఉన్నందున దాన్ని కార్పస్ (విడిగా ఉంచే మూలధనం) పద్దులో చూపి, వడ్డీ రాని కరెంటు ఖాతాలో విడిగా ఉంచాం.

అమెరికా పౌరసత్వం తీసుకున్న మన ఊరి సోదరుడొకరు పంపిన రూ.25,000 అదే నెలలో వెనక్కి పంపాం, అందుకే జమలో చూపలేదు. ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే) కార్డు ఉన్నా చట్టం దృష్టిలో అది విదేశీ విరాళమే. మనకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేదు. గల్ఫ్‌లో పనిచేస్తున్న భారత పౌరులు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే చందాకు ఈ అడ్డంకి లేదు. రసీదుపై 80జి (విరాళంపై ఆదాయపు పన్ను రాయితీ ఇచ్చే సెక్షన్) అని వేయమని అడుగుతున్నవారికి మనవి: మనది ఒక మతానికి చెందిన సంస్థ కనుక ఆ రాయితీ వర్తించదు, వేస్తే తప్పుడు రసీదు ఇచ్చినట్టవుతుంది.

ఆడిటర్ సంతకం చేసిన పత్రాలను జూలై 1లోపు వక్ఫ్ బోర్డుకు పంపాలి. ఈలోగా రసీదు పుస్తకాలు, వోచర్లు ప్రతి జుమా నమాజు తర్వాత ఆఫీసు గదిలో చూడవచ్చు. జకాత్ అందుకున్నవారి పేర్ల జాబితాను మాత్రం వారి మర్యాద దృష్ట్యా ఆడిటర్‌కు తప్ప ఎవరికీ చూపించం.