బాదంపప్పు తినిపించిన చేత్తోనే కత్తి

సంపాదకుడు గారికి,

సంక్రాంతి దగ్గర పడేసరికి మా గోదావరి జిల్లాల్లో కోడిపందేల బరులు సిద్ధమవుతాయి. చిన్నప్పుడు మా పెదనాన్న గారింట్లో డేగ రకం పందెం పుంజు ఒకటి ఉండేది. దానికి రోజూ బాదం, జీడిపప్పు, మటన్ ఖీమా, పొద్దున్నే చెరువులో ఈత, దానికి కాస్త నలతగా ఉంటే ఆయనకు ఒకటే టెన్షన్, రాత్రంతా నిద్రపోయేవారు కాదు. భోగి రోజు దాని కాలికే కత్తి కట్టించి బరిలో దింపారు. నిమిషాల్లో అయిపోయింది. ఆయన కళ్లు తుడుచుకోవడం నేను చూశాను, సాయంత్రం ఇంట్లో దాన్నే వండారు.

ఆయన ప్రేమ నటన అని ఇప్పటికీ అనుకోను. నన్ను బాధపెట్టేది అదే. ఒక ప్రాణిని నిజంగా ప్రేమిస్తూనే, దాని ప్రాణం మాత్రం నా సొత్తు అని మనిషి అనుకోగలడు.

పుంజులు ఎలాగూ తన్నుకుంటాయి కదా అంటారు. నిజమే, కానీ పెరట్లో ఓడిన పుంజు పారిపోయి బతుకుతుంది, కత్తి కట్టాక దానికి ఆ దారి ఉండదు. 'నువ్వు చికెన్ తినవా' అని కూడా అడుగుతారు. తింటాను. ఆ ప్రశ్న నన్నూ వదలదు, అయినా ఆకలికి కోయడం, కేకలు వేస్తూ చూడటానికి చంపించడం ఒకటే అని ఒప్పుకోలేను.

జంతువులను పోట్లాటకు ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. పెద్దల పందేలు ఆపించడం పోలీసుల పని. మనం కనీసం పిల్లల్ని భుజాలెక్కించుకుని బరి దగ్గరికి తీసుకెళ్లడం ఈ పండగకే మానేద్దాం.

– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా