వార్షిక నివేదిక: ఈ ఏడాదంతా ఏసీల గొడవే

సభ్యులందరికీ నమస్కారం.

ఎన్ని సమావేశాలు జరిగాయి, ఎంత చందా వసూలైంది అని మొదలుపెట్టడం ఆనవాయితీ. ఆ లెక్కల కాగితం అందరికీ ఇచ్చాం, కోశాధికారి గారు చదివి వినిపిస్తారు. ఛార్జింగ్ పాయింట్ మీద రేకుల షెడ్డు పూర్తయింది. దాని ముందు టూవీలర్లు అడ్డంగా పెట్టే సమస్య తీరలేదు, తీరుతుందన్న ఆశ కూడా నాకు లేదు. ఇవి పక్కన పెడితే ఈ ఏడాది మన సంఘం గట్టిగా చేసిన పని ఒక్కటే, ఎలక్ట్రిక్ కార్లలో ఏసీ ఎందుకు చల్లగా రావట్లేదో కనుక్కోవడం.

ఏప్రిల్‌లో మొదలైంది. బెజవాడ ఎండ గురించి మీకు నేను చెప్పేదేముంది. గ్రూపులో రోజుకో మెసేజ్: "ఏసీ వీక్‌గా ఉంది, గ్యాస్ ఎక్కడ కొట్టించాలి?" కొట్టించాలా వద్దా అని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు, ఆ కథ తర్వాత చెబుతాను.

ఒక ఆదివారం పొద్దున అనుమానమున్న కార్లన్నీ వేపచెట్టు కింద వరసగా పెట్టించాం. ఒక సభ్యురాలు కేకులకు వాడే పుల్ల థర్మామీటర్ పట్టుకొచ్చారు. లోపలి గాలే తిరిగేలా పెట్టి, ఫ్యాన్ మధ్యలో ఉంచి, పది నిమిషాలయ్యాక మధ్య వెంట్‌లో గుచ్చి చూశాం. మంచి ఎండలో కూడా పది, పన్నెండు డిగ్రీలకు దిగితే బెంగపడనక్కర్లేదు. చాలా కార్లు దిగాయి! వాటిలో ఏసీ బాగానే ఉంది, గాలే రావట్లేదు. గ్లవ్ బాక్స్ వెనక ఉండే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూస్తే, ఒక కారులోది సున్నం కొట్టిన గోనెసంచిలా ఉంది. కొత్తది వేస్తే సరిపోయింది. స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేకపోయింది.

గాలి బాగా వస్తూ చల్లదనం లేని కార్లకు ఇంకో పరీక్ష చేశాం. ముందు జాలీ వెనక ఉండే కండెన్సర్ (ఏసీ లాగిన వేడిని బయటికి వదిలే రేకుల పలక) మీద చెంబుతో నీళ్లు చల్లి థర్మామీటర్ చూశాం. నీళ్లు పడగానే వెంట్‌లో వేడి తగ్గిందంటే గ్యాస్‌ను అనుమానించే ముందు కండెన్సర్‌నో, దాని ఫ్యాన్‌నో చూడాలి. దుమ్ము, పురుగులు, పత్తి నూగు కలిసి రేకుల మధ్య అట్ట కట్టేస్తాయి. కడిగేటప్పుడు మామూలు పైపు ధార చాలు. ప్రెషర్ గన్ పెడితే ఆ పల్చటి రేకులు పడుకుంటాయి, అప్పుడు దుమ్ముకంటే అదే పెద్ద అడ్డు.

హైదరాబాద్ రోడ్డు మీద తిరిగే సభ్యులొకరిది వేరే ఫిర్యాదు. సూర్యాపేట దగ్గర ఫాస్ట్ ఛార్జింగ్ పెట్టి పిల్లలతో లోపలే కూర్చుంటే ఏసీ వేడిగాలి కొడుతోందట. అది రోగం కాదు. లిక్విడ్ కూలింగ్ ఉన్న, అంటే బ్యాటరీ చుట్టూ ద్రవం తిరిగే చాలా కార్లలో బ్యాటరీని చల్లబరిచేదీ ఆ ఏసీ గ్యాసే. ఎండలో ఫాస్ట్ ఛార్జింగ్ పెడితే బ్యాటరీ వేడెక్కి ముందు తన వాటా తీసుకుంటుంది, మిగిలిందే మనకు. కాసేపు దిగి టీ తాగి రావడమే దానికి వైద్యం.

ఇక నా కారు. వెంట్‌లో 19 డిగ్రీలు. ఫిల్టర్ కొత్తది, కండెన్సర్ శుభ్రం. ఇది జరగడానికి రెండు వారాల ముందే, ఎవరికీ చెప్పకుండా ఒక షాపులో గ్యాస్ కొట్టించుకుని వచ్చాను. ఆ కుర్రాడు మీటర్లు తగిలించి "కాస్త రేజ్ చేయండి సార్" అన్నాడు. ఎలక్ట్రిక్ కారులో రేజ్ చేయడానికి ఏముంటుంది! అక్కడే బండి తిప్పుకుని వచ్చేయాల్సింది. కారు ఆగి ఉన్నప్పుడు మీటర్ చూపే ప్రెషర్‌ను బట్టి గ్యాస్ ఎంతుందో తెలియదు. వంటగ్యాస్ సిలిండర్ లాంటిదే. లోపల ద్రవం ఉన్నంతవరకు ప్రెషర్ ఒకేలా ఉంటుంది, తూచి చూస్తేనే ఎంత మిగిలిందో తెలుస్తుంది. ఆ కుర్రాడు తూచలేదు, అందాజాగా నింపాడు. దాంతోపాటు ఒక డబ్బా ఆయిల్ కూడా పట్టించాడు.

అసలు తంటా ఆ ఆయిల్‌తోనే వచ్చింది. ఏసీ గ్యాస్‌ను నొక్కి పైపుల్లో తిప్పేది కంప్రెసర్. పెట్రోలు కారులో దాన్ని బెల్టు తిప్పుతుంది. మన కార్లలో పెద్ద బ్యాటరీ నుంచి వచ్చే వందల వోల్టుల కరెంటుతో తిరుగుతుంది, మోటారు చుట్ట ఆ గ్యాసులోనూ ఆయిల్‌లోనూ మునిగే ఉంటుంది. కాబట్టి ఆయిల్ కరెంటును పోనివ్వకూడదు. సాధారణంగా దీనికి వాడేది పీఓఈ ఆయిల్. పెట్రోలు కార్లకు వాడే మామూలు పీఏజీ ఆయిల్ పోస్తే ఇన్సులేషన్, అంటే కరెంటు బయటికి పోకుండా ఆపే రక్షణ, దెబ్బతింటుంది. నా కారు స్క్రీన్ మీద ఇన్సులేషన్ వార్నింగ్ వచ్చి, ఒక రోజు అసలు స్టార్టే కాలేదు.

తర్వాత వేరేచోట పని తెలిసిన మెకానిక్ గ్యాసంతా బయటికి లాగి, లీకు ఎక్కడుందో చూడ్డానికి నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురగ పూశాడు. కండెన్సర్ పైపు జాయింట్ దగ్గర బఠాణీ గింజంత బుడగ లేచింది. పాడైంది ఓ-రింగ్, జాయింట్‌లో ఉండే రబ్బరు రింగు, పది రూపాయల వస్తువు. కానీ తప్పుడు ఆయిల్ వల్ల కంప్రెసర్ మార్చి, పైపులన్నీ శుభ్రం చేయించాల్సి వచ్చింది. ఎంతయిందో ఇంట్లో ఇంకా పూర్తిగా చెప్పలేదు, మీరూ చెప్పకండి. చివరికి వ్యాక్యూమ్ పట్టి, అంటే పైపుల్లోని గాలి, తేమ లాగేసి, బానెట్ కింది స్టిక్కర్ మీద రాసినన్ని గ్రాములు కాటా మీద చూసి గ్యాస్ నింపాక వెంట్‌లో 9 డిగ్రీలు.

ఆ స్టిక్కర్‌ను అందరూ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. గ్యాస్ ఆర్-134ఏనా, ఆర్-1234వైఎఫా అన్నది, ఎన్ని గ్రాములన్నది దాని మీద ఉంటుంది. ఒకదాని బదులు ఇంకోటి కొట్టించకూడదు. లీకు మూసే మందు అని అమ్మే డబ్బాల జోలికి వెళ్లకండి. నారింజ రంగు వైర్లను మనం ముట్టుకోవద్దు, ఆ పనికి శిక్షణ ఉన్నవాళ్లే చేయాలి.

వచ్చే ఏడాది ఉగాదికి ముందే ఫిల్టర్లు, కండెన్సర్లు చూసే ఆదివారం పెట్టాలని కమిటీ తీర్మానించింది. సంఘం డబ్బుతో థర్మామీటర్ ఎందుకని ఒకరు అభ్యంతరం చెప్పారు, రాసుకున్నాం, అయినా కొన్నాం. దాన్ని జూన్‌లో ఎవరో తీసుకెళ్లారు, ఇంకా తిరిగి రాలేదు. దయచేసి ఆఫీసు గదిలో ఇవ్వగలరు, పేరు అడగం.

ఇట్లు,
కార్యదర్శి