బతుకమ్మ బుకింగులకు ముందు మన స్టూడియో నుంచి

కస్టమర్లందరికీ నమస్తే. బతుకమ్మకు ఆర్డర్లు వస్తున్నాయి కాబట్టి ముందే చెప్తున్నా. పద్మాక్షి గుట్ట దగ్గరైనా, భద్రకాళి చెరువు దగ్గరైనా మీ ఇంటివాళ్లను ఎంతసేపైనా తీస్తాం, కానీ పక్కన ఆడుతున్నవాళ్ల ముఖాలు మీ రీల్ కోసం దగ్గరగా తీయం. ఎక్కువ ఇస్తామన్నా తీయం.

పెద్ద లెన్స్ బయటికి తీస్తే చాలు, "ఎవలన్నా మీరు, ఎందుకు తీస్తున్రు?" అని నలుగురు చుట్టూ చేరుతున్నారు. (సెల్‌ఫోన్‌తో గంటసేపు తీసేవాళ్లను మాత్రం ఎవరూ అడగరు, అదో విచిత్రం.) వాళ్ల మీద నాకు కోపం లేదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని వాట్సాప్‌లో పుకార్లు పుట్టి మన తెలంగాణలోనే అమాయకులను కొట్టి చంపారు, అట్లాంటిది చూసిన జనానికి ఊళ్లో కొత్త ముఖం కనిపిస్తే అనుమానం రాదా? దానికి తోడు ఇప్పుడు తీసిన ఫొటో ఏ పేజీలో, ఏ పాట మీద తేలుతుందో ఎవరికీ నమ్మకం లేదు.

చట్టం సంగతీ చెప్తా. రోడ్డు మీదున్న మనిషిని ఫొటో తీయడమే నేరమనే చట్టం మన దేశంలో లేదు. కానీ ఆడవాళ్లను ఏకాంతంలో దొంగచాటుగా తీస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు. బతుకమ్మ ఆట ఏకాంతమేమీ కాదు, నిజమే, అయినా చెరువులోకి దిగేచోట మేం జూమ్ వాడం. ఎవరైనా డిలీట్ చేయమంటే అక్కడే చేసేస్తాం, వాదన పెట్టుకోం.

ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు. మీరు డబ్బులిచ్చి తీయించుకున్న ఫొటోలకు, వేరే ఒప్పందం రాసుకోకపోతే, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుదారు మీరే, స్టూడియో కాదు. అందుకే మీ పెళ్లి ఫొటోలు మా పేజీలో పెట్టొచ్చా వద్దా అని ఇకనుంచి బుకింగ్ ఫారంలోనే అడుగుతాం. వద్దంటే రేటు పెంచం. మాకు నష్టమే అనుకోండి, కొత్త గిరాకీ సగం ఆ పేజీ చూసే వస్తుంది.

ఖిలా వరంగల్‌లో ప్రీవెడ్డింగ్ కావాలన్నవాళ్లు పొద్దున్నే రండి, టూరిస్టులు తక్కువుంటారు. ట్రైపాడ్‌కు పురావస్తు శాఖ పర్మిషన్ కావాలి, కాబట్టి డేట్ ముందుగా చెప్పండి.